ఎలుకల బీపీ, బోరు నీళ్లు

కడపలో ఎం.ఫార్మసీ చేసేటప్పుడు నా ప్రాజెక్టు, బీపీ తెప్పించిన ఎలుకల రక్తంలో నైట్రిక్ ఆక్సైడ్ ఎంతుందో కొలవడం. రక్తనాళం లోపలి పొర ఎల్-ఆర్జినిన్‌తో ఈ వాయువును తయారుచేస్తుంది. దానివల్లే నాళం వదులై బీపీ అదుపులో ఉంటుంది. ఈ వాయువు చేసే పనిని కనిపెట్టినందుకే 1998లో ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకు నోబెల్ ఇచ్చారు. మన హైదరాబాదు నిమ్స్ నుంచి డాక్టర్ యు.ఎన్. దాస్ బృందం 1993లోనే, బీపీ రోగుల్లో ఇది తగ్గుతున్నట్టుందని రాసింది. ఆ వ్యాసం చదివాకే నాకు ఈ పని మీద మనసు పడింది.

ఎల్-నేమ్ అనే మందు ఈ వాయువు తయారీని ఆపుతుంది. తాగే నీళ్లలో కలిపి కొన్ని వారాలు ఇస్తే ఎలుకకు బీపీ వస్తుంది.

ప్రాణమున్న ఎలుకకు బీపీ చూడాలంటే చాలా ఓపిక కావాలి. గొట్టంలో కూర్చోబెట్టి, ఒళ్లు వెచ్చబరిచి, తోకకు చిన్న పట్టీ చుట్టాలి. బెదిరిందా, అంకె అమాంతం పెరుగుతుంది. మా అటెండర్ పెద్దాయన రోజూ వాటిని అరచేతిలో పెట్టుకుని నిమిరి అలవాటు చేసేవాడు. ఆయన పక్కన ఉంటేనే అంకెలు నిలకడగా వచ్చేవి. ఆ ప్రాజెక్టులో సగం పుణ్యం ఆయనదే.

అసలు వాయువు రక్తంలో కొన్ని క్షణాలు కూడా నిలవదు. నైట్రైట్, నైట్రేట్‌గా మారిపోతుంది. అందుకని మత్తిచ్చి కంటి మూల నుంచి కొంచెం రక్తం తీసి, ప్లాస్మాలోని నైట్రేట్‌నంతా నైట్రైట్‌గా మార్చి గ్రీస్ రీఏజెంట్ కలిపేవాళ్లం. గులాబీ రంగు వస్తుంది. 540 నానోమీటర్ల దగ్గర దాని చిక్కదనం చూస్తే లెక్క తేలుతుంది.

మొదటి విడతలో బీపీ ఎలుకలవీ మామూలు ఎలుకలవీ ఒకే గులాబీ. మా మేడం కర్నూలు పక్క పల్లెలో పుట్టిన మనిషి. గొట్టాలను వెలుతురుకు పట్టి చూసి, నన్నేమీ అడగకుండా అటెండర్ వైపు తిరిగింది.

"ఏ నీళ్లు పెడతాండావన్నా వీటికి?"

"మన బోరు నీళ్లే మేడం, ఇంగేముండాయి!"

ఆ నీళ్లకూ అదే పరీక్ష చేయమంది. రక్తం కన్నా ముదురు గులాబీ వచ్చింది.

కడప, కర్నూలు జిల్లాల్లో చాలాచోట్ల బోరు నీళ్లలో నైట్రేట్, లీటరుకు 45 మిల్లీగ్రాముల హద్దు దాటి ఉంటుంది. పొలాల్లో చల్లిన యూరియా, పెంటదిబ్బలు, మురుగు భూమిలోకి ఇంకుతాయి. దాన్ని పలచన చేసేంత వాన మనకు పడదు. మేం కొలిచినదాంట్లో ఎలుక ఒంట్లో పుట్టిందెంతో, బోరు నుంచి వచ్చిందెంతో విడదీయడానికి దారి లేదు.

తర్వాతి విడతకు డిస్టిల్డ్ వాటరే పెట్టాం. రక్తం తీసే ముందు రాత్రి మేత ఆపాం, మేతలోనూ నైట్రేట్ ఉంటుంది కాబట్టి. అప్పుడు బీపీ ఎలుకల గొట్టాలు స్పష్టంగా వెలవెలబోయాయి.

మొదటి విడత ఎలుకలు పడ్డ బాధ ఏ లెక్కకూ రాకుండా పోయింది. అది నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. సీమలో ఈ పరీక్ష మొదలుపెట్టబోయే పిల్లలారా, ఎలుకను ముట్టుకోకముందే మీ ల్యాబ్ నీళ్లలో నైట్రేట్ ఎంతుందో కొలవండి. ఆ అంకెను థీసిస్‌లో రాయండి.