మొండివాళ్ల ప్రేమకథలు

పెళ్లి మాటెత్తగానే మాట మార్చేసే ఇద్దరు స్నేహితులు. ఒకరంటే ఒకరికి ప్రాణం. ఆ సంగతి వాళ్లిద్దరికీ తప్ప ఊరందరికీ తెలుసు. ఈ వరసలో నడిచే నవలలు ఎన్ని చదివినా నాకు విసుగు పుట్టదు. చివరికి ఏమవుతుందో మొదటి పేజీల్లోనే తెలిసిపోయినా పుస్తకం కింద పెట్టబుద్ధి కాదు. ఇద్దరిలో ఎవరు ముందు బయటపడతారు, ఎంత సతాయించి బయటపడతారు అన్నదే మన ఆత్రమంతా.

ఇలాంటి కథలకు మా కృష్ణా డెల్టా పుట్టిల్లు. మా చిలకలపూడి నుంచి బందరు దాటి కూచిపూడి దారి పడితే మొవ్వ మండలంలో కాజ వస్తుంది. యద్దనపూడి సులోచనారాణి పుట్టిన ఊరది. ఆవిడ ‘సెక్రటరీ’ 1960ల్లో జ్యోతి మాసపత్రికలో ధారావాహికగా వచ్చింది. 1976లో అక్కినేని, వాణిశ్రీలతో సినిమా అయింది. ఆవిడ నవలల్ని అచ్చేసి జనంలోకి తీసుకెళ్లిన ఎమెస్కో కూడా బందరులో పుట్టిన ఎం. శేషాచలం అండ్ కంపెనీయే. ఇంటి గ్రంథాలయ పథకంతో పుస్తకాన్ని మధ్యతరగతి గడప దాటించింది వాళ్లే. అంటే తెలుగు ఆడపిల్లలు రెండు మూడు తరాల పాటు దిండు కింద దాచుకుని చదివిన ప్రేమకథలకు రాసిన చేతి ఊరూ, అచ్చేసిన సంస్థ ఊరూ ఇక్కడివే.

‘సెక్రటరీ’లో జయంతి, రాజశేఖరం స్నేహితులుగా మొదలవరు. ఆయన యజమాని, ఆమె ఉద్యోగి. అయినా మనసులో ఉన్నది నోటిదాకా రానివ్వకపోవడంలో వాళ్లను మించినవాళ్లు లేరు. జయంతి మనసు ఎప్పుడో ఒప్పేసుకుంది, అభిమానమే ఒప్పుకోదు. ఆ బెట్టు వెనక కారణం ఉంది. ఆడపిల్లలు అప్పుడప్పుడే ఆఫీసు మెట్లెక్కుతున్న రోజులవి. డబ్బున్న యజమానిని ఇష్టపడితే లోకం ఏమంటుందో ఆ పిల్లకు తెలుసు. అతని చుట్టూ తిరిగే ఆడవాళ్లలో తనూ ఒకతెగా మిగిలిపోతానేమోనన్న భయమూ ఉంది. ఆ భయాన్ని సులోచనారాణి చిన్నబుచ్చలేదు. దానికి కావలసినన్ని పేజీలిచ్చారు, పాఠకురాలిని ఆ పిల్ల పక్కనే కూర్చోబెట్టారు.

కాజకు దగ్గర్లోనే కూచిపూడి. నా మటుకు నాకు జయంతి అక్కడి సత్యభామకు స్వయానా చెల్లెలు. సిద్ధేంద్రయోగి రాసిన కూచిపూడి నాట్యరూపకం భామాకలాపంలో భామ కృష్ణుడితో తగవు పెట్టుకుంటుంది, ఆయన వెళ్లిపోతే తాళలేక లేఖ రాస్తుంది. ఆ లేఖ తీసుకెళ్లాల్సిన చెలికత్తె మాధవి ‘మీ ఆయన పేరేమిటమ్మా’ అంటే, ఆ పేరు చెప్పడానికి సిగ్గుపడి నానా తంటాలు పడుతుంది. ప్రపంచంలో ఎవరినైనా ఎదిరించగల మనిషికి ఒక్క పేరు పలకడం కొండంత పనయింది! పైగా లేఖ మోసినందుకు మాధవి ముక్కెర అడుగుతుంది. ప్రాణమంత ఇష్టమైన నగ అది. అభిమానం కాస్త వదులుకుంటే తప్ప ప్రేమ కబురు కదలదని ఇంత అందంగా చెప్పిన ఘట్టం ఇంకోటి నాకు తెలియదు. మాధవి వంటి మనిషి ఇప్పటి కథల్లోనూ ఉంటుంది. హాస్టల్లో పక్క మంచం పిల్లో, ఆఫీసులో పక్క కుర్చీ అమ్మాయో అవుతుంది. ఇద్దరి మనసూ ముందు కనిపెట్టేది ఆమే.

సులోచనారాణి రాసినలాంటివి ఉత్త కాలక్షేపం నవలలని, కలలమ్ముకునే రాతలని తీసిపారేసినవాళ్లు చాలామంది. వాళ్లకు చిలకలపూడి నగలు చూపించాలనిపిస్తుంది. ఈ ఊరి రోల్డుగోల్డు గాజులూ గొలుసులూ ఎన్నెన్నో ఊళ్లకు వెళ్తాయి. లోపల రాగి, పైన పల్చటి బంగారు పూత. పల్చనే గాని అది బంగారమే. మేలిమి కొనలేని ఇంటి పిల్ల పండక్కి ఆ గొలుసు వేసుకుని తలెత్తుకు తిరుగుతుంది. తేలిక నవలలో ఉన్న నిజం కూడా ఆ పూతంతే ఉండవచ్చు. చదివినమ్మాయి తలెత్తుకు తిరగడానికి అది చాలింది.

ఇప్పుడు చిలకలపూడి స్టేషన్లో రైలెక్కి పెడన, గుడివాడ మీదుగా బెజవాడ వెళ్లే పిల్లల్ని చూస్తాను. అమ్మాయీ అబ్బాయీ ఒకే బల్ల మీద కూర్చుని ఒకే ఫోన్లో సినిమా చూస్తూ నవ్వుకుంటారు. ‘మీ ఇద్దరూ పెళ్లి చేసుకోవచ్చుగా’ అని ఎవరైనా అంటే ‘ఛ, మేం ఫ్రెండ్స్ అండీ’ అని ఇద్దరూ ఒకేసారి అంటారు. పెద్దవాళ్లు దాన్ని నిలకడలేనితనం అనుకుంటారు. నాకు అలా అనిపించదు. ఉద్యోగం హైదరాబాదులోనో అమెరికాలోనో, ఎవరి దారి ఎటో తెలియదు. కులం, కట్నం మాటలు ఇంట్లో ఇంకా వినపడుతూనే ఉన్నాయి. అక్క కాపురం ఎలా ఉందో కళ్లారా చూస్తున్నారు. వీటన్నిటికీ మించి, నోరు జారి ఆ మాట అనేస్తే ఉన్న స్నేహం కూడా పోతుందేమోనని దిగులు. పోగొట్టుకోకూడనిది చేతిలో ఉందని తెలిసినవాళ్లకే ఆ దిగులు ఉంటుంది.

అందుకే పెళ్లంటే బెదిరే స్నేహితుల కథలు మళ్లీ మళ్లీ రావాలని కోరుకుంటాను. నవ్విస్తూ రావాలి, తేలిగ్గా రావాలి, మన ఊళ్ల పేర్లతో రావాలి. భామా, జయంతీ చివరికి దిగివచ్చారు, నిజమే. ఎవరూ మెడలు వంచి తేలేదు, తమంతట తామే వచ్చారు. ముందు ‘వద్దు’ అనగలిగిన మనిషి ఆలోచించుకుని, నమ్మి, తర్వాత అనే ‘సరే’కే విలువ. ఆ ‘సరే’ కోసం ఎన్నాళ్లయినా ఆగగలిగినవాడే ఆమెకు తగినవాడు.