మ్యాట్నీ మానేసి మ్యూజియానికి!

గోదావరి అనగానే మీకేం గుర్తొస్తుంది? చెప్పక్కర్లేదు లెండి, నాకు తెలుసు. అక్కినేని పడవ నడిపిన ‘మూగమనసులు’ (1964), భద్రాచలం ప్రయాణం కట్టిన ‘అందాలరాముడు’ (1973), కుర్రకారుకైతే శేఖర్ కమ్ముల ‘గోదావరి’ (2006). మా ఊరి వాళ్ళకి ఇంకోటి కూడా ఉంది – ‘సాక్షి’ (1967). బాపు తొలి సినిమా. మాకు దగ్గర్లోనే పులిదిండిలో తీశారు. అప్పటికి పదిహేడేళ్ళ మా నాన్న సైకిలేసుకుని వెళ్ళి షూటింగ్ చూశారట. ఇప్పటికీ ఆ మాట ఎత్తితే కృష్ణ పక్కన తనే నిలబడ్డట్టు మాట్లాడతారు!

కానీ ఇన్ని సినిమాలు చూసిన నాకు, ఆ నది మీద వేసిన అసలైన పెద్ద సెట్టింగు సంగతి మొన్న వేసవిలో గానీ సరిగ్గా తెలియలేదు.

సెలవులకి హైదరాబాదు నుంచి అక్కా, బావా, పిల్లలూ వచ్చారు. మేనకోడలికి ఆరేళ్ళు, మేనల్లుడికి నాలుగు. పిల్లలు వచ్చింది మామిడిపళ్ళ కోసం. పెద్దవాళ్ళు వచ్చింది మాత్రం నాన్న పేరునున్న రెండెకరాల సంగతి తేల్చడానికి. చెరువు తవ్వుకుంటామని ఒకాయన మంచి రేటు చెప్పాడు. కాగితాలు అక్క హ్యాండ్‌బ్యాగులోనే ఉన్నాయి. నాన్న అవునూ అనరు, కాదూ అనరు. రెండ్రోజులుగా ఇంట్లో మూకీ సినిమా నడుస్తోంది.

మూడోరోజు పిల్లలు పేచీ మొదలెట్టారు. రాజమండ్రిలో మ్యాట్నీకి పోదామనుకున్నాం. 1936లోనే దుర్గా సినీటోన్ స్టూడియో వెలిసిన ఊరండీ అది! తీరా చూస్తే ఆ వారం పిల్లలతో కూర్చుని చూసే సినిమా ఒక్కటీ లేదు. అన్నిట్లోనూ కత్తులే. అప్పుడు నాన్న అరుగు మీంచి అన్నారు, “ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం ఉంది కదా, పోదాం.”

రెండ్రోజుల్లో ఆయన అన్న మొదటి మాట అదే. ఇక ఎవరు కాదంటారు? బావ ముఖం మాత్రం ఫ్లాపు సినిమాకి బ్లాకులో టిక్కెట్టు కొన్నవాడిలా అయిపోయింది.

మాది మధ్య డెల్టా. బొబ్బర్లంక మీదుగా బ్యారేజీ ఎక్కితే ధవళేశ్వరంలో దిగుతాం. (రాజమండ్రి నుంచి వచ్చేవాళ్ళకి ఏడెనిమిది కిలోమీటర్లే, ఆటోలు బోలెడు.) పిల్లలు కారు కిటికీలోంచి గేట్లు లెక్కపెట్టడం మొదలెట్టారు. యాభై దాటాక ఒకడు ముందుకీ ఒకతె వెనక్కీ వెళ్ళిపోయి గొడవ. “మొత్తం నూట డెబ్భై అయిదమ్మా” అని నాన్న తీర్పు చెప్పారు. నది ఇక్కడ లంకల మధ్య నాలుగు పాయలు. నాలుగింటికీ కలిపి 175 గేట్లు. ఇది 1970లలో మొదలుపెట్టి 1982 నాటికి పూర్తిచేసిన కొత్త బ్యారేజీ. పేరు కాటన్‌దే అయినా కాటన్ కట్టిన ఆనకట్ట వేరు.

మ్యూజియం దగ్గర గుర్రం మీద కాటన్ దొర. ఆయన పుట్టింది 1803 మే 15న. మేం వెళ్ళింది జయంతి మర్నాడు. వాడిన బంతిపూల దండలు ఇంకా మెడలోనే ఉన్నాయి.

“మామయ్యా, ఈయన హీరోనా?” అంది మేనకోడలు. గుర్రం ఉంది, దండలున్నాయి, దాని అనుమానంలో తప్పేం లేదు!

హీరోయే. కథ వినండి. 1833లో డొక్కల కరువు. ఆరేళ్ళు తిరక్కుండా 1839లో తుఫాను. పక్కన అంత నది పారుతుంటే జనం తిండిలేక మాడారు. తంజావూరు వైపు కొల్లిడం మీద ఆనకట్టలు కట్టి వచ్చిన ఆర్థర్ కాటన్ ఇక్కడా కట్టొచ్చని కంపెనీ దొరల్ని ఒప్పించాడు. కంపెనీ ఒప్పుకుంది దయతో అనుకునేరు, శిస్తు పెరుగుతుందని లెక్క చూపిస్తేనే ఒప్పుకుంది! 1847లో మొదలెట్టి 1852కి పూర్తి. ఇసక మీద రాతికట్ట. పదివేలమంది దాకా కూలీలు. కాటన్‌కి కుడిభుజంగా పనిచేసిన మన తెలుగువాడు వీణెం వీరన్న. టైటిల్సులో రెండో కార్డు పడాల్సిన పేరు అది. మీలో ఎంతమంది విన్నారు?

“రాళ్ళు మోసినోళ్ళ పేర్లు ఎక్కడా లేవేంట్రా?” అన్నారు నాన్న చుట్టూ చూసి. ఇంకో సంగతి అప్పుడే చెప్పారు. కాలవల మీద ముప్ఫై ఏళ్ళు లస్కరుగా చేసిన మనిషి, ఇన్నాళ్ళలో ఒక్కసారి కూడా ఈ మ్యూజియం లోపలికి వెళ్ళలేదట. “మాకు గట్టు మీదే పని, లోపల ఏముంటుంది” అన్నారు. లస్కరంటే తెలియనివాళ్ళకి – తూము తలుపులు ఎత్తడం, దించడం, గట్టు ఎక్కడ కారుతోందో నడిచి చూసుకోవడం. అదీ ఉద్యోగం.

లోపల పాత ఫోటోలు, పనిముట్లు, ఆనకట్ట నమూనాలు. అల్లుడుగారికి అయిదు నిమిషాల్లో విసుగొచ్చింది. వాణ్ణి ఆరుబయటికి తీసుకెళ్ళి ఆ పాత యంత్రాల చుట్టూ తిప్పడమే నాకు సరిపోయింది. చిన్నపిల్లలతో వెళ్ళేవాళ్ళు మంచినీళ్ళ సీసా, టోపీ మరవకండి. మే నెల ఎండ ఎవరి అభిమానీ కాదు.

నేను తిరిగొచ్చేసరికి నమూనా దగ్గర నాన్న నేలమీద చతికిలబడి ఉన్నారు. మేనకోడలు “ఇందులో మన ఇల్లేదీ?” అని అడిగిందట. ఆ బొమ్మ ఆనకట్టతో అయిపోయింది. “బొమ్మ అయిపోయింది గానీ కాలవ అవలేదమ్మా” అంటూ ఆయన వేలితో గచ్చు మీద గీస్తున్నారు. ఇది గౌతమి, అది వసిష్ఠ, మధ్యలో మన కాలవ. ఇక్కడ లాకులు, ఇక్కడ తూము, ఇదిగో మన బోదె. దుమ్ములో గీత సన్నగా పడుతోంది. దాని చివర తన బొటనవేలు నొక్కారు. “ఇదే మన చేను.”

బావ కూడా వంగి చూస్తున్నాడు. “వరదొస్తే ఎలా మామయ్యగారూ?” అని అడిగాడు.

1986 ఆగస్టు చెప్పారు నాన్న. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరద. ఆ రాత్రి గట్టు మీద లాంతరుతో, ఇసక బస్తాలతో ఉన్నారట. కింద ఊళ్ళకి గండి పడిందన్న కబురు వచ్చాక కూడా తన తూము దగ్గర్నించి కదల్లేదట. “భయమేసింది. మీ అమ్మమ్మ ఇద్దరు పిల్లల్తో ఇంట్లో ఉంది కదా” అన్నారు మేనకోడలితో. ఆ ఇద్దరిలో చంకపిల్లాణ్ణి నేనే. ఈ ముక్క నాకెప్పుడూ చెప్పలేదు. అక్కకీ చెప్పలేదట. అక్క కిటికీ వైపు తిరిగిపోయింది.

వచ్చేటప్పుడు ఆత్రేయపురంలో పూతరేకులు కొన్నాం. కాగితమనుకుని అల్లుడు పారేయబోయాడు, అది వేరే కామెడీ ట్రాకు.

కాలవ చూపించమని మేనకోడలు పట్టుబట్టింది. తీరా వెళితే చుక్క నీళ్ళు లేవు. వేసవిలో కాలవలు కట్టేస్తారు, మరమ్మతులకి. దాని ముఖం చిన్నబోయింది. నాన్న చెప్పులు విప్పి, కాలవలోకి దిగి, పిల్లలిద్దర్నీ దింపుకున్నారు. ఎండిన అడుగు మీద ముగ్గురూ తూము దాకా నడిచారు. అక్క గట్టు మీదే నిలబడింది, హ్యాండ్‌బ్యాగు భుజానికి తగిలించుకుని.

“నీళ్ళెప్పుడు వదుల్తారు నాన్నా?” అని అరిచింది.

“జూన్‌లో!” కిందనుంచి జవాబు.

సంతకాల ఊసు ఆ పూట ఎవరూ ఎత్తలేదు. మర్నాడు ఎత్తారనుకోండి. కానీ ఈసారి ముందుగా ఎత్తింది నాన్నే.