అబీ రోడ్‌లో నానమ్మ పాట

లండన్ వెళ్లినవాళ్లు బిగ్‌బెన్ చూస్తారు. థేమ్స్ నది మీద వంతెనలు చూస్తారు. మావాడు నన్ను తీసుకెళ్లి నడిరోడ్డు మీద తెల్లగీతలు చూపించాడు!

దానికో కారణం ఉంది. మా అమ్మ పోయి పదకొండు నెలలైంది. తెనాలిలో పూజగదిలో కూర్చుని ఆమె పాడిన మంగళహారతి ఒకటి మావాడి ఫోన్‌లో ఉండిపోయింది. స్నేహితులతో వీణ, తబలా వాయించి, ఆ పాటకు కలిపి, సంవత్సరీకం రోజున బంధువులందరికీ వినిపించాలని వాడి పట్టుదల. వాడి ఉద్యోగం కంప్యూటర్లతో, పిచ్చేమో పాటలతో.

నేను వెళ్లిన రాత్రే ల్యాప్‌టాప్ తెరిచి, ‘ఇదే మిక్సర్ నాన్నా’ అన్నాడు. మనకు మిక్సర్ అంటే వంటింట్లో మిక్సీయే. అందులో వేశాక ఏది ఏదో తెలియకూడదు. ఇక్కడ వ్యవహారం తిరగబడింది... అన్నీ కలవాలి, కానీ ఏది ఏదో తెలియాలి. తెర మీద నిలువుగా పట్టీలు. నానమ్మ గొంతుకొకటి, వీణకొకటి, తబలాకు రెండు. ప్రతి పట్టీలో పైకీ కిందికీ జరిపే మీట. దాని పేరు ఫేడర్. ధ్వనిని కుడికో ఎడమకో తిప్పడానికి ఓ గుండ్రటి బొత్తాం. నోరు మూయించడానికి ఒకటి, మిగతావాటిని ఆపి అదొక్కటే వినడానికి ఇంకొకటి. అన్నిటికీ చివర పెద్దపట్టీ, మాస్టర్. శబ్దం హద్దు దాటితే పైన ఎర్రదీపం.

‘కంప్యూటర్లో ఈ మీటలూ బొత్తాల బొమ్మలెందుకురా?’ అని అడిగాను. ‘రేపు చూపిస్తా’ అన్నాడు.

భూగర్భ రైల్లో జూబిలీ లైన్ ఎక్కి సెయింట్ జాన్స్ వుడ్‌లో దిగాలి. అక్కణ్నుంచి అయిదు నిమిషాల నడక. జాగ్రత్త, తూర్పు లండన్‌లో అబీ రోడ్ అనే పేరుతోనే వేరే స్టేషన్ ఉంది. పేరు చూసి అక్కడ దిగి నాలుక్కరుచుకునే యాత్రికులు ఎక్కువే. వాళ్ల కోసం బోర్డు కూడా పెట్టారట!

నేను ఇంగ్లిషు అక్షరాలు చూసి ‘అబ్బే రోడ్డు’ అని చదివితే మావాడు నవ్వాడు. తీరా 3వ నంబరు ఇల్లు చూశాక నాకు నిజంగానే ‘అబ్బే’ అనిపించింది. తెల్లటి పాతకాలపు మేడ, ముందు పొట్టిగోడ, నాలుగు మెట్లు. ఇంతేనా! అసలు సంగతంతా వెనక ఉంది. ఒకప్పటి తోట ఉన్నచోట వందమందికి పైగా వాద్యకారులు పట్టే హాలు కట్టారు. 1931 నవంబరు 12న సంగీతకారుడు ఎడ్వర్డ్ ఎల్గర్ ఆర్కెస్ట్రాను నడిపించి ప్రారంభించారు. అప్పటి యజమాని ఈఎంఐ. మన ఇళ్లలో ఘంటసాల రికార్డుల మీద గ్రామఫోన్ ముందు కుక్కబొమ్మ ఉండేది చూడండి, ఆ హెచ్‌ఎంవీ ముద్ర వాళ్లదే. ఆ మాట వినగానే మేడ కాస్త చుట్టాలిల్లులా కనిపించింది.

ఇంటిముందు జీబ్రా గీతల మీద మాత్రం తిరునాళ్లే. 1969 ఆగస్టు 8న బీటిల్స్ నలుగురూ ఇక్కడ రోడ్డు దాటుతుంటే తీసిన ఫొటో వాళ్ల ఆల్బమ్‌కు అట్టబొమ్మయింది. అప్పటినుంచీ జనం నలుగురేసి వరసకట్టి దాటుతూనే ఉన్నారు. కార్లవాళ్లు హారన్ కొడుతూనే ఉన్నారు. 2010లో ఈ గీతలను రక్షిత కట్టడాల జాబితాలో చేర్చారు. గోడ నిండా అభిమానుల రాతలు. ఎన్నిసార్లు సున్నం వేసినా మళ్లీ రాస్తారు.

స్టూడియోలోకి సందర్శకులను మామూలుగా రానివ్వరు. గోడ దగ్గరే నిలబడి మావాడు పాఠం మొదలుపెట్టాడు. ఒకప్పుడు లోపల తెల్లకోట్లు వేసుకున్న ఇంజినీర్లు ఉండేవారట, ఆస్పత్రిలోలా. వాళ్ల ముందు నిజమైన మీటలున్న బల్ల. తన తెరమీద ఉన్నది అలాంటి బల్లకు బొమ్మే. 1967లో ‘సార్జెంట్ పెప్పర్స్’ ఆల్బమ్‌ను నాలుగే ట్రాకుల యంత్రాలతో చేశారు. నాలుగూ నిండితే వాటిని కలిపి ఇంకో యంత్రంలోకి ఎక్కించడమే. కలిపాక గొంతు తగ్గిందనిపిస్తే, విడదీసే దారి లేదు. మన మద్రాసు పాటల రోజుల్లో వయొలిన్ ఒకటి తడబడినా మొదటినుంచీ పాడాల్సి వచ్చేది... అదీ అలాంటి కష్టమే. మావాడికి ఆ బాధ లేదు, వెనక్కి వెళ్లే మీట ఉంది. అందుకే నెలరోజులుగా ఒక్కపాటా తేలలేదని నా అనుమానం!

‘మిక్సర్లో సెండ్ అని ఉంది చూశావా? గొంతును ఎంత పంపాలో చెప్పే మీట అది. ఇక్కడ నిజంగానే ఓ గదికి పంపేవారు’ అన్నాడు. ప్రతిధ్వని కోసమే కట్టిన గది. ఒకపక్క స్పీకరు, ఇంకోపక్క మైకు, మధ్యలో నిలబెట్టిన పింగాణీ మురుగుగొట్టాలు! వాటికి తగిలి చెదిరిన ధ్వనిని మైకు పట్టి, మళ్లీ పాటలో కలిపేవారు. ఆ గది గుణాన్ని కొలిచి ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌గా అమ్ముతున్నారు. మావాడు కొన్నాడు కూడా.

సాయంత్రం ఇంటికొచ్చి నానమ్మ పాట పెట్టాడు. అద్భుతంగా ఉంది. కానీ మా అమ్మ కాదు. ఏదో పెద్ద మండపంలో ఎవరో గాయని పాడుతున్నట్టుంది. వీణ వచ్చినప్పుడల్లా ఆమె మాట మునిగిపోతోంది. ‘గొంతు పెంచరా’ అన్నాను. పెంచాడు, ఎర్రదీపం వెలిగింది.

కాసేపు ఊరుకుని ఈసారి వీణ మీట దించాడు. తబలా దించాడు. వీణను ఎడమకూ, తబలాను కుడికీ జరిపి నడుమ చోటు ఆమెకు వదిలాడు. అట్టడుగు ధ్వనుల్ని కత్తిరిస్తే పూజగది ఫ్యాన్ హోరు చాలామటుకు పోయింది. సెండ్‌ను దాదాపు సున్నాకు తెచ్చేశాడు. గొంతు ముట్టుకోలేదు. అయినా అమ్మ ముందుకొచ్చి కూర్చుంది... చివరి చరణంలో ఊపిరి అందక ఆగడంతో సహా.

పాట మధ్యలో కుక్కర్ కూత ఒకటుంది. ‘దీన్ని తీసేయనా నాన్నా?’ అని అడిగాడు.

‘ఉండనీ’ అన్నాను. ఆ కూత విని, పాట ఆపకుండానే, స్టవ్ తగ్గించమని మా ఆవిడకు ఆమె చేత్తో సైగ చేసింది. అది నాకు గుర్తుంది.