సాయా

మా ఇళ్లల్లో దయ్యం అనరు. సాయా అంటారు, ఆసేబ్ అంటారు. సూర్యాపేటలో పక్కింటోళ్లు ‘గాలి సోకింది’ అంటారు. లఫ్జ్ వేరు, ఖౌఫ్ ఒకటే.

యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ 1980ల మొదట్లో ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది. నేను చాలా ఏళ్ల తర్వాత కోదాడలో కిరాయికి తెచ్చుకుని చదివాను. ఉర్దూ మీడియం పిల్లగాణ్ణి, కాష్మోరా అనే మాటే కొత్త. ఆ ఇల్లు మాత్రం తెలిసిందే. చేతబడికి గురైన పసిపిల్ల, ఒకపక్క డాక్టర్లు, ఇంకోపక్క మంత్రగాళ్లు, నడుమ నలిగిపోయే అమ్మానాన్న.

మిర్యాలగూడలో మా ఖాలాకూ సాయా అన్నారు. నెల బిడ్డ పోయాక ఆమె మాట్లాడటం మానేసింది. ఒక ఆమిల్ వచ్చాడు. ఊదు పొగ, తావీజ్, ఆఖరికి బెత్తం. తర్వాత పాలకీడు దగ్గరి జాన్‌పహాడ్ దర్గాకు తీసుకుపోయారు. అక్కడ హిందువులూ ముసల్మాన్లూ పక్కపక్కనే కూర్చుని దువా చేస్తుంటే ఖాలా మొదటిసారి ఏడ్చింది. హైదరాబాద్‌లో మానసిక వైద్యుడి గోలీలతో నిద్రపోయింది. మెల్లగా మాట వచ్చింది.

జిన్నాత్ పేరుతో ఖురాన్‌లో 72వ సూరా ఉంది. నా ఈమాన్‌కు దాంతో పేచీ లేదు. మనిషిని కొట్టి జిన్నును వదిలించమని మాత్రం ఆ సూరాలో లేదు.

నవలలో చేతబడి చేయించిన దుష్మన్ ఉంటాడు, కథకు అది జరూరీ. ఖాలా ఇంట్లో దుష్మన్ ఎవరూ లేరు. అందరూ మంచోళ్లే. సాయా ఎవరిదని ఆమిల్ పదిసార్లు అడిగాడు. ఆ బిడ్డ పేరేమిటని ఒక్కరూ అడగలేదు.