మా అమ్మాయికి చెప్పని మాట

2023 శ్రావణమాసంలో ఒక రాత్రి బెంగుళూరు నుంచి మా అమ్మాయి ఫోన్ చేసింది. అప్పటికి దానికి మూడో నెల. "అమ్మా, మీ అమ్మకి కాన్పు ముందు బి.పి. వచ్చిందా అని డాక్టరమ్మ అడిగింది. లేదని చెప్పాను" అంది. నాకు వెంటనే మాట రాలేదు. ముప్ఫై ఏళ్ళుగా దాని దగ్గర నేను దాచిన విషయమే అది.

నా పుట్టిల్లు బరంపురం, మెట్టినిల్లు పర్లాకిమిడి. 1993లో తొలిచూలు. సీమంతం అయ్యాక కాన్పుకి పుట్టింటికి వచ్చాను. ఎనిమిదో నెలలో చేతి గాజులు బిగుసుకుపోయాయి. సబ్బు రాసినా ఉంగరం ఊడలేదు. చూడవచ్చిన వాళ్ళంతా "కడుపుతో ఉన్నప్పుడు నీరు పట్టడం మామూలే" అన్నారు. కాళ్ళకి కొంచెం నీరు చాలామందికి వస్తుంది, నిజమే. కాని ఉన్నట్టుండి ముఖమూ చేతులూ ఉబ్బితే ఊరుకోకూడదని మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఒక రాత్రి తలనొప్పి మొదలైంది. అమ్మ అమృతాంజనం రాసింది. తగ్గలేదు. తెల్లవారుజామున గోడ గడియారం వైపు చూస్తే ముళ్ళు రెండేసి కనిపించాయి. రిక్షాలో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. బి.పి. 170/110. పరీక్షనాళికలో మూత్రం వేడిచేస్తే విరిగిన పాలలా తెల్లబడింది. ప్రొటీన్ పోతోందన్నారు. ఆ తర్వాత నాకేమీ తెలియదు. ఫిట్స్ వచ్చాయట. ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. కిలోన్నర బరువు. ఇరవై రెండు రోజులు అద్దాల పెట్టెలో ఉంచారు.

అమ్మ అప్పుడు బయటపెట్టింది, తన చెల్లెలు ఇలాగే పోయిందని. గుర్రపువాతం అనేవారట. గాలి సోకిందని ఎవరినో పిలిచి మంత్రం వేయించేసరికి ప్రాణం పోయిందట. "ముందే ఎందుకు చెప్పలేదమ్మా?" అంటే, "శుభమా అని కడుపుతో ఉన్నదానికి చావు కబురు చెప్పమంటావా?" అంది. అమ్మ చేసిన పనే తర్వాత నేనూ చేశాను.

గండం గడిచిందనుకుని అందరం ఊరుకున్నాం. ఇంటికి పంపేటప్పుడు ఏటా బి.పి. చూపించుకోమని ఒక్కరూ చెప్పలేదు. 2011లో, నాకు నలభై ఒకటో ఏట, ఉచిత వైద్య శిబిరంలో చూస్తే 160/100. అక్కడి డాక్టరుగారు మొదట అడిగింది నా తొలి కాన్పు గురించే. ఈ జబ్బు పేరు ప్రీ-ఎక్లాంప్సియా అని ఆవిడ ద్వారానే తెలిసింది. మొదటి నెలల్లో మాయ గర్భసంచిలో సరిగా నాటుకోదట. దానికి రక్తం చాలదు. అందువల్ల దాని నుంచి వెలువడే పదార్థాలు తల్లి ఒంట్లోని రక్తనాళాలన్నిటినీ దెబ్బతీస్తాయి. సాధారణంగా అయిదో నెల దాటాక బి.పి. 140/90కి చేరుతుంది. మూత్రపిండాలు, కాలేయం, మెదడు కూడా దెబ్బతినవచ్చు. బిడ్డ ఎదుగుదల తగ్గుతుంది. మాయ బయటపడితేగాని జబ్బు నెమ్మదించదు.

కాన్పుతో అంతా తీరిపోదు కూడా. 34 లక్షలకు పైగా స్త్రీల వివరాలు కలిపి చూసిన పరిశీలన ఒకటి 2007లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. ఈ జబ్బు వచ్చినవారికి తర్వాతి కాలంలో రక్తపోటు వచ్చే అవకాశం మూడు రెట్లకు పైగా, గుండెజబ్బు, పక్షవాతం సుమారు రెండు రెట్లు ఎక్కువని తేలింది. ఆ గర్భంలో పుట్టిన పిల్లలకూ బి.పి. కాస్త ఎక్కువగా ఉండే వీలుంది. బరంపురం అప్పడాలు, ఆవకాయ లేనిదే ముద్ద దిగని నేను ఆనాటి నుంచి ఉప్పు తగ్గించాను, మాత్ర మానలేదు.

ఇవన్నీ తెలిసీ అమ్మాయికి చెప్పలేదు. ఆ రాత్రి ఫోనులో అంతా చెప్పాను. "ఇన్నాళ్ళూ ఎందుకు దాచావమ్మా?" అంది. "నువ్వు పుట్టడం వల్లే నాకిలా అయిందనుకుంటావేమోనని" అన్నాను. కాసేపు ఇద్దరం మాట్లాడలేదు.

మర్నాడే అది డాక్టరమ్మకు చెప్పింది. తల్లికి వస్తే కూతురికీ వచ్చే అవకాశం హెచ్చు కనుక రాత్రిపూట తక్కువ మోతాదు ఆస్పిరిన్ రాసిచ్చారు. పదహారు వారాల లోపే మొదలుపెడితే మేలట. కాల్షియం మాత్రలు కూడా ఇచ్చారు. మా అల్లుడు బి.పి. మిషను కొని రోజూ నోటుబుక్కులో రాశాడు. అయినా తొమ్మిదో నెలలో 150/96 వచ్చింది. ఈసారి గడియారం ముళ్ళు రెండుగా కనిపించేదాకా ఎవరమూ ఆగలేదు. 2024 ఫిబ్రవరిలో, 37 వారాలకు, మనవరాలు పుట్టింది. రెండు కిలోల ఆరు వందల గ్రాములు. కాన్పయ్యాక కూడా ఫిట్స్ రావచ్చని ఆరు వారాలు బి.పి. చూస్తూనే ఉన్నాం.

అక్కచెల్లెళ్ళకు నా మనవి ఒక్కటే. కడుపుతో ఉన్న పిల్ల తగ్గని తలనొప్పి అన్నా, చూపు మసక అన్నా, డొక్కల కింద నొప్పి అన్నా ఇంట్లో మందు రాసి పడుకోబెట్టకండి. ఆస్పిరిన్ వంటివి మాత్రం డాక్టరు చెప్పకుండా వేయకండి. ఇదివరకు ఇలాటి కాన్పు జరిగినవారు ఏటా బి.పి., షుగరు చూపించుకోండి. మన ఇళ్ళలో పిల్లల జాతకాలు పసుపు రాసి భద్రంగా దాచుకుంటాం. ఆ పెట్టెలోనే కాన్పు కాగితాలు కూడా ఉంచండి. నా మనవరాలి జాతకం పక్కన నేను మూడు తరాల కాన్పుల వివరం రాసి పెట్టాను. మా పిన్ని సంగతి కూడా అందులో ఉంది.