కొత్త రంగు

ఇంగ్లండులో మా అబ్బాయి పొరుగున ఒక పెద్దాయన ఉన్నారు. భార్యతో తిరిగిన 1967 నాటి ఎం.జి.బి. స్పోర్ట్స్ కారు, ఆమె పోయాక షెడ్డులోనే ఉండిపోయింది. అబింగ్డన్ పట్టణంలో 1962 నుండి 1980 వరకు తయారైన రకమది. మేము వెళ్ళేసరికి ఎర్ర రంగు వేయించి, విప్పిన భాగాలు తిరిగి బిగిస్తున్నారు.

విప్పడం సులువే, కొత్త రంగు మీద గీత పడకుండా బిగించడమే కష్టం. అంచులకు టేపు అంటించాం. ముందు అద్దానికే ఒక పూట పట్టింది!

అన్నీ అయ్యాక వెనుక దీపం వెలగలేదు. బల్బు మంచిదే, తీగా మంచిదే. ఆ కారుకు ఇనుప బాడీయే ఎర్తు కదా, స్క్రూ కింద రంగు అడ్డుపడింది. ఇనుము కనబడేదాకా గోకాలి. ఆయనకు చేతులు రాలేదు. ఉప్పుకాగితం మా వాడికిచ్చి అటు తిరిగి నిలబడ్డారు.

దీపం వెలిగింది, చూడమని మా వాడే పిలవాల్సి వచ్చింది.