అదురు చెప్పిన పాఠం

ఉద్దానంలో పుట్టిన ఆమెకు డయాలసిస్ అంటే ఇరుగింటి కష్టం. బీఎస్సీ నర్సింగ్ చేసి వార్డులో చేరింది. సూది గుచ్చేముందు రోగి చేతిమీద వేళ్లు ఆనించి అదురు చూసేది. ఎందుకని కొత్త పిల్లలు అడిగితే... 'చూసి నేర్చుకోండమ్మా' అనేది. విడమరిచి చెప్పడం వచ్చేది కాదు.

ఆ వెలితే ఎమ్మెస్సీ నర్సింగ్ వైపు నడిపించింది. 'సేతిలో ఉజ్జోగం ఒగ్గేస్తావేటే?' అంది అమ్మ. నిజమే, రెండేళ్లు జీతం ఉండదు. మనదేశంలో 1959లో ఢిల్లీలో మొదలైన చదువిది. ఏడాది అనుభవం ఉంటేనే అర్హత. వైద్యసేవతోపాటు పాఠం చెప్పడమూ నేర్పుతారు.

2023లో పలాసకు 200 పడకల కిడ్నీ ఆస్పత్రి వచ్చింది. మంచాలు వేస్తే సరా, పక్కన నిలబడేవాళ్లూ కావాలి కదా! ఇప్పుడు ఆమె క్లాసులో చెబుతోంది: 'ధమనిని సిరతో కలిపినచోట రక్తం పారుతుంటే అదురు తెలుస్తుంది. తెలియకపోతే సూది ఆపండి, డాక్టర్ని పిలవండి.'